తోటి కార్మికుని ఆపద

కొన్ని నెలల క్రితం ఇషా నమాజు ముగిసిన తరువాత ఒక సోదరుడు వెళ్ళకుండా మా వద్దే కూర్చుండిపోయాడు. నివాసం ఉప్పల్‌లో, పని నాచారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో. ఆయన కుమారుడు మా మదరసా విద్యార్థి. భార్య పక్షవాతంతో ఆసుపత్రిలో ఉంది.

జేబులోంచి ఒక కవరు తీసి మా ముందుంచాడు. "మౌలానా! తోటి కార్మికులు పోగుచేసి ఇచ్చారు. ఎవరెంత వేశారో చెప్పలేదు. వారిలో ముస్లిమేతరులే ఎక్కువ. ఇది తీసుకోవచ్చునా? తీసుకుంటే రేపు వాళ్ళ ముందు తలెత్తుకోగలనా? దీనికంటే వడ్డీకి అప్పు తేవడమే నయమనిపిస్తోంది" అన్నాడు.

మొదటి ప్రశ్నకు సమాధానం సులభం. ముస్లిమేతరుల కానుకలను దైవప్రవక్త (స) స్వీకరించారు. ఈజిప్టు పాలకుడు ముఖౌఖిస్ పంపిన కానుకలే అందుకు నిదర్శనం.

రెండవ ప్రశ్న మనసుకు సంబంధించినది. యమన్‌కు చెందిన అష్అరీ తెగవారు ప్రయాణంలో ఆహారం తరిగిపోయినా, మదీనాలో ఇంటివారికి తిండి చాలకపోయినా, ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో సమానంగా పంచుకునేవారు. దైవప్రవక్త (స) వారిని తమవారిగా చెప్పుకున్నారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆ వస్త్రంలో ఎవరి గింజ ఏదో తెలియదు. కనుక అక్కడ దాతా లేడు, యాచకుడూ లేడు. "భాయ్! నీ కవరు కూడా అటువంటి వస్త్రమే. దీనిని కాదని వడ్డీ వ్యాపారి గడప తొక్కడంలో ఏ గౌరవమున్నది?" అన్నాము.

అప్పుడు ఆయన మిగిలిన సంగతి చెప్పాడు. ఒకరు ఆయన బదులు రాత్రి షిఫ్టు చేస్తున్నారట. మరొకరి ఇంటినుండి పిల్లలకు అన్నం వస్తున్నదట. ఇంకొకరు ఈఎస్‌ఐ కాగితాలు సరిచేయించారట.

ఈ చివరి సాయం చిన్నది కాదు. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం గల కార్మికుని నుండి 0.75 శాతం, యజమాని నుండి 3.25 శాతం ఈఎస్‌ఐకి జమ అవుతాయి. దానివల్ల భార్యాబిడ్డలకూ, ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం లభిస్తుంది. నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉన్నది. అది దానం కాదు, హక్కు. పాఠకులారా! మీ కుటుంబసభ్యుల పేర్లు అందులో నమోదై ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.

సాయం చేసేవారికి ఒక మాట. రోగి ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పకండి. ఇచ్చినది జకాత్ సొమ్మయితే మనసులో సంకల్పం చాలు. పుచ్చుకునేవానికి ఆ మాట చెప్పనవసరం లేదు. ఎత్తిపొడిచిన దానం, నున్నని బండమీది మట్టి వానకు కొట్టుకుపోయినట్లు పోతుందని దివ్య ఖుర్‌ఆన్ (బఖరా: 264) హెచ్చరించింది. అప్పుగా ఇచ్చినవారు, తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే గడువివ్వాలి. వదలివేస్తే మరీ మేలు (బఖరా: 280).

పుచ్చుకున్నవారికీ ఒక బాధ్యత ఉన్నది. అప్పయితే వ్రాసుకోవాలి, తీర్చాలి. కానుకయితే, రేపు మరొకరికి ఆపద వచ్చిన నాడు ఆ వస్త్రంలో తన పిడికెడూ పోయాలి.

ఆ సోదరుడు కవరు జేబులో పెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. ఆయన భార్య ఇప్పుడు ఇంటికి వచ్చింది. కుడిచేయి ఇంకా స్వాధీనం కాలేదు. ఆమె కోసం దుఆ చేయండి. ఆమెకు సంపూర్ణ స్వస్థతను, ఆ కార్మిక సోదరులందరికీ సన్మార్గాన్ని, శుభాలను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.