వరంగల్లు కూడా వృత్తం మీద ఒక చుక్కే!

వరంగల్లులో పదో తరగతి చదివే ఏ విద్యార్థినైనా "సైన్ అంటే ఏమిటి?" అని అడగండి. "ఎదుటి భుజం బై కర్ణం" అని తడుముకోకుండా చెబుతాడు. "మరి సైన్ 120 డిగ్రీలు?" అంటే నోరు మెదపడు. తప్పు అతనిది కాదు. లంబకోణ త్రిభుజంలో 120 డిగ్రీల కోణం ఇమడదు కదా! అందుకే, త్రిభుజంతోపాటు వృత్తాన్ని కూడా మొదటి రోజే గీయాలని నా అభిప్రాయం.

మీరే గీసి చూడండి. గ్రాఫు కాగితం మీద, మూలబిందువు కేంద్రంగా, 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయండి. ఆ 10 సెంటీమీటర్లను ఒక యూనిట్ అనుకోండి. కుడివైపు అక్షం నుంచి గడియారపు ముల్లుకు ఎదురుదిశలో 60 డిగ్రీలు తిరిగి, వృత్తం మీద చుక్క పెట్టండి. అది కేంద్రం నుంచి అడ్డంగా 5, నిలువుగా దాదాపు 8.7 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే దాని నిరూపకాలు 0.5, 0.87. మొదటిది కొసైన్, రెండోది సైన్. ఇప్పుడు 120 డిగ్రీలకు తిరగండి. ఎత్తు మారలేదు, చుక్క మాత్రం ఎడమకు జరిగింది. కనుక సైన్ అదే. కొసైన్ మైనస్ 0.5. ఇందులో బట్టీ పట్టవలసిందేముంది?

"భవనాల ఎత్తులు కనుక్కోవడానికి త్రిభుజం చాలదా?" అంటారేమో. చాలు. కాని ఆ త్రిభుజం కూడా ఈ వృత్తంలోనే ఉంది. చుక్క నుంచి అడ్డగీతకు లంబం దించండి; వ్యాసార్థమే కర్ణమవుతుంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు సైన్‌ను వృత్తంలోని అర్ధజ్యాగానే లెక్కగట్టాడు.

ఇక కాగితం వదిలి భూగోళాన్ని చూడండి. ధ్రువాల మీదుగా, మన ఊరి మీదుగా దాన్ని నిలువునా కోశామనుకోండి. కోసిన అంచు ఒక వృత్తం. వరంగల్లు అక్షాంశం సుమారు 18 డిగ్రీలు. భూమి వ్యాసార్థం 6,370 కిలోమీటర్లను ఒక యూనిట్ అనుకుంటే, మన నిరూపకాలు 0.95, 0.31. అంటే భూమి ఇరుసు నుంచి మన దూరం దాదాపు 6,060 కిలోమీటర్లు. భూమధ్యరేఖా తలం నుంచి ఎత్తు దాదాపు 1,970. ఇరుసుకు దగ్గరైనకొద్దీ తిరిగే వృత్తం చిన్నదవుతుంది. అందుకే భూమధ్యరేఖ మీదివాళ్లు గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, మనం సుమారు 1,590 కిలోమీటర్లతో తిరుగుతున్నాం. ఆ తేడా కొసైన్ చేసిందే!

సూత్రాన్ని మరచిపోవచ్చు. వృత్తం గీయడం వచ్చినవాడు దాన్ని మళ్లీ రాబట్టుకోగలడు. అట్లాసు తీసి మీ ఊరి అక్షాంశం చూడండి. దాని నిరూపకాలు ఈ రాత్రే లెక్కకట్టండి.