క్రీడాభిమాని ఆనందం

ఆట ముగిసిన మరునాడు ఏ ఇద్దరు మిత్రులు కలుసుకున్నా మొదట వినవచ్చే ప్రశ్న ఒక్కటే: “ఎవరు గెలిచారు?” ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. గెలుపోటములు లేనిచో అది ఆట కాదు, వ్యాయామం అవుతుంది. కాని సమాధానం విన్న మరుక్షణమే సంభాషణ ముగిసిపోతున్నదంటే, అడిగినవాడు ఆటను అభిమానించేవాడు కాడు, ఫలితాన్ని మాత్రమే అభిమానించేవాడు అనుకోవలసి వస్తుంది. ఫలితం ఒక్క వాక్యంలో తేలిపోతుంది. అభిమానమో, ఏళ్ల తరబడి సాగుతుంది. ఒక పోటీలో ఏడాదికి ఒక్క జట్టే విజేత కాగలదు. తక్కిన జట్లను నమ్ముకున్న జనులందరూ ఏటేటా దుఃఖభాజనులే అయితే, ఈపాటికి క్రీడామైదానాలన్నీ బీడువడి ఉండవలసింది. అట్లు జరగలేదు. కారణమేమి?

దీనికి సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మన హైదరాబాదు క్రికెట్ చరిత్ర చాలు.

రంజీ ట్రోఫీ పోటీలు 1934-35లో ఆరంభమైనవి. 1937-38లో హైదరాబాదు జట్టు ఫైనల్‌లో నవానగర్‌ను ఒకే ఒక్క వికెట్ తేడాతో ఓడించి ట్రోఫీని గెలుచుకున్నది. ఎడుల్జీ ఐబరా కడదాక నిలిచి అజేయ శతకం సాధించిన ఆట అది. మరల ఆ ట్రోఫీ మన నగరానికి వచ్చింది 1986-87లో. నడుమ గడిచినవి 49 సంవత్సరాలు! మొదటి కప్పు వచ్చిన నాడు తొట్టెలలో ఉన్న శిశువుకు రెండవ కప్పు వచ్చేనాటికి తల నెరసింది. ఆ తరువాత 1999-2000లో ఫైనల్ వరకు వెళ్లి ముంబాయి చేతిలో ఓడిపోయింది. లెక్కలు చూచేవానికి ఇంతకంటె నిరాశాజనకమైన చరిత్ర ఉండదనిపిస్తుంది.

అయితే నగరంలోని వృద్ధ అభిమానులను ఒకసారి కదిపి చూడండి. వారు తనివితీర చెప్పేది ఆ రెండు కప్పులను గురించి కాదు, వాటి నడిమి కాలాన్ని గురించి. ఆ కాలంలో ఇక్కడ ఎవరెవరు ఆడినారో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1950-51లో ఇండోర్‌లో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేసిన ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఇక్కడివారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ, గాయపడిన ఆటగానికి బదులుగా పిలుపు వచ్చి, 1959లో మాంచెస్టర్‌లో తన మొదటి టెస్టులోనే శతకం చేసిన అబ్బాస్ అలీ బేగ్ ఇక్కడివారు. 1967లో అడిలెయిడ్‌లో తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీసిన సయ్యద్ ఆబిద్ అలీ ఇక్కడివారు. వీరందరి నడుమ, చొక్కా కాలరు పైకెత్తి, మెడకు రుమాలు చుట్టి, ఏ తొందరా లేనివానివలె పిచ్ వైపు నడిచివచ్చే ఎం.ఎల్. జయసింహ. భారత జట్టుకు నాయకుడైన పటౌడి నవాబు ఢిల్లీని విడిచి హైదరాబాదుకు వచ్చి, ఇక్కడ జయసింహ నాయకత్వంలో సామాన్య సభ్యుడుగా ఆడినాడు. ఇంతమంది ఉండి కూడ జయసింహ నాయకత్వంలో హైదరాబాదుకు ఒక్కసారి కూడ రంజీ ట్రోఫీ దక్కలేదు. 1964-65లో ఫైనల్ దాక వెళ్లి బొంబాయికి తలవంచవలసి వచ్చింది.

మరి ఫతే మైదానానికి (1967లో దానికి లాల్ బహదూర్ స్టేడియం అని పేరు పెట్టినారు) జనం ఏమి ఆశించి వెళ్లినట్లు? కప్పు కోసం కాదని చెప్పడానికి సాహసం అక్కరలేదు. వారు జయసింహ నడకను చూడడానికి వెళ్లేవారు. నవ్వకండి; ఇది పరిహాసం కాదు. ఒక మనిషి తన పనిని ఎంత సొగసుగా చేయగలడో కన్నులారా చూడడం మానవునికి గల గొప్ప సంతోషాలలో ఒకటి. కుమ్మరి చక్రం ముందు పిల్లలు గంటల తరబడి నిలబడి చూస్తారు. ఆ కుండ తమదనికాదు, ఆ కుమ్మరి మరొక కుమ్మరిని ఓడించినాడనికాదు.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండు భాషల విద్యార్థులూ ఉన్నారు గనుక ఇరువురికీ తెలిసిన ఉపమానాలే చెబుతాను. ముషాయిరాలో కవి షేర్‌లోని మొదటి పాదం చదివినప్పుడు సభ ఊపిరి బిగబట్టి వింటుంది. రెండవ పాదంలో ఖాఫియా ఎక్కడ వచ్చి పడుతుందో ఎరిగిన శ్రోత దాని కోసం ఎదురుచూస్తాడు. అది పడగానే “వాహ్ వా” అంటాడు, “ముకర్రర్” అని మరల చదివించుకుంటాడు. ఇంటికి వెళ్లిన తరువాత, ఈ రాత్రి ఎవరు గెలిచారని ఎవరూ అడగరు. అష్టావధానంలోనూ ఇంతే. అవధాని ఎక్కడైనా తడబడతాడేమో అన్న ఉత్కంఠ ఉన్నది గనుకనే సభకు ప్రాణం ఉన్నది. కాని సభికుడు మనస్సులో మూటగట్టుకొని పోయేది ఆ ఉత్కంఠను కాదు, సమస్యాపూరణంలోని చమత్కారాన్ని. మన ఆలంకారికులు ఇట్టివానిని సహృదయుడు అన్నారు. క్రీడాభిమాని కూడ సహృదయుడే అని నా అభిప్రాయం. ఆటలో గెలుపోటముల అనిశ్చితి అవసరం. అది దీపానికి చమురు వంటిది. దీపం పెట్టుకొనేది చమురును చూడడానికి కాదు గదా.

సహృదయత ఊరక రాదు. ఖాఫియా, రదీఫ్‌లు తెలియనివానికి గజల్ సగమే వినబడుతుంది. యతిప్రాసలు తెలియనివానికి పద్యమూ అంతే. ఆటను చూడడం కూడ నేర్చుకోవలసిన విద్య. నలుగురు ఫీల్డర్లను ఎందుకు కదిలించినారో, మొదటి నాడు మెత్తగా ఉన్న పిచ్ నాల్గవ నాటికి ఎందుకు పగుళ్లు వారిందో, 92 ఓవర్లు వేసినవాని వ్రేళ్లు ఏమై ఉంటవో ఆలోచించగలిగినవాడికి, ఒక్క వికెట్టూ పడని మధ్యాహ్నం కూడ నిండుగానే గడుస్తుంది. 1960లో కాన్పూర్‌లో పాకిస్తాన్‌పై ఆడిన టెస్టులో ఇదే జయసింహ ఎనిమిది గంటలకు పైగా క్రీజులో నిలిచి 99 పరుగులకు రనౌట్ అయినాడు. సొగసుకాడని పేరుపడినవాడు అంతటి తపస్సు ఎట్లు చేసినాడు, ఎందుకు చేసినాడు? ఈ ఒక్క విషయం మీద ఇరానీ హోటల్లో నాలుగు చాయలు త్రాగేంత సేపు వాదించుకోవచ్చు. ఆ వాదన కూడ ఆటలో భాగమే. తండ్రి తాను చూచినదాన్ని కుమారునికి చెప్పడం, వాడు నమ్మకపోవడం, తన కాలపు ఆటగానిని పోటీకి తేవడం, ఇదంతా ఏ ట్రోఫీ రానవసరం లేకుండానే జరుగుతూ వస్తున్నది.

ఓటమిలో కలిగిన ఆనందాలను లెక్కించబోతే జాబితా పెద్దదే అవుతుంది. బేగ్ శతకం చేసిన ఆ మాంచెస్టర్ టెస్టులో భారత్ 171 పరుగుల తేడాతో ఓడింది. ఆ సిరీస్‌లో అయిదింటికి అయిదూ ఓడింది. ఆబిద్ అలీ ఆరు వికెట్లు తీసిన అడిలెయిడ్ టెస్టూ మనకు దక్కలేదు. 1968లో బ్రిస్బేన్ టెస్టుకు జయసింహను ఇక్కడి నుండి హుటాహుటిగా పిలిపించినారు. ప్రయాణపు బడలిక తీరక ముందే 74, 101 పరుగులు చేసినాడు. భారత్ 39 పరుగుల దూరంలో ఓడిపోయింది. 2000 జనవరిలో సిడ్నీలో వి.వి.ఎస్. లక్ష్మణ్ 198 బంతులలో 167 పరుగులు చేసిన ఆటలో మనది ఇన్నింగ్స్ ఓటమి. వీటిలో దేనినైనా చూచినవాడు, విన్నవాడు, తన జ్ఞాపకాల నుండి తొలగించుకోవడానికి ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. మరి 2024 జనవరిలో తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ జట్టుపై 366 పరుగులు చేసినాడు. అందులో మొదటి 300 పరుగులు కేవలం 147 బంతులలో వచ్చినవి. మొదటి తరగతి క్రికెట్‌లో అంత వేగంగా ఎవరూ అంతవరకు చేయలేదు. హైదరాబాదు సునాయాసంగా గెలిచింది. ఆ యువకుని ప్రతిభను తగ్గించడం నా ఉద్దేశం కాదు. కాని ఎదిరి నిలువలేకపోయిన చోట అభిమాని గుండె ఎంతగా కొట్టుకుంటుంది? బ్రిస్బేన్‌లోని ఆ 101 పరుగుల పక్కన పెట్టి చూచుకోండి.

“ఇవన్నీ ఓడినవారు చెప్పుకునే ఊరటలు, అందని ద్రాక్షలు పుల్లన” అని కొందరు ఆక్షేపిస్తారు. ఆక్షేపణలో కొంత పస ఉన్నది. ఓటమిని ఆభరణంగా ధరించి తిరిగేవారినీ నేను ఎరుగుదును; వారిది కూడ ఒక డాబే. ఎం.వి. నరసింహారావు నాయకత్వంలోని జట్టు 1987లో ఢిల్లీని దాని సొంత మైదానంలోనే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో త్రోసిరాజని ట్రోఫీ తెచ్చినపుడు నగరం ఉప్పొంగిపోయింది, ఉప్పొంగవలసిందే. అయితే ఆ సంతోషానికి అంత లోతు కలిగించింది అంతకు ముందరి నిరీక్షణ. ఇక ఫుట్‌బాల్ సంగతి చూడండి. హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందింది. ఆ రోవర్స్ కప్పుల సంఖ్య ఈనాడు ఎందరికి జ్ఞాపకం? మెల్‌బోర్న్ మాత్రం అందరికీ జ్ఞాపకమే. అక్కడ మనవారు చివరి రెండు ఆటలూ ఓడినారు, ఏ పతకమూ తేలేదు.

గెలుపు మాత్రమే అభిమానాన్ని నిలపగలిగేటట్లయితే డెక్కన్ చార్జర్స్ కథ వేరుగా ఉండేది. ఈ నగరం పేరు మీద ఐ.పి.ఎల్.లో దిగిన ఆ జట్టు 2009లో విజేత అయింది. 2012లో దానిని రద్దు చేసినారు. మరుసటి ఏడు మరొక యజమాని, మరొక పేరు, మరొక రంగు చొక్కా. 2016లో ఆ కొత్త జట్టు కూడ కప్పు గెలిచింది. సంతోషమే. కాని చార్జర్స్ కోసం గొంతు చించుకున్నవాడు ఆ అభిమానాన్ని ఎక్కడ దాచుకోవాలి? కప్పు లేని జయసింహ జట్టును అర్ధశతాబ్దం దాటినా తలచుకుంటున్నాము. కప్పు ఉన్న జట్టు మూడేండ్లలో చెరిగిపోయింది.

ఎదుటి జట్టును మెచ్చుకోగలగడం అభిమాని పొందే ఆనందాలలో మిక్కిలి అరుదైనది. 1999 జనవరి 31న చెన్నై చేపాక్ మైదానంలో పాకిస్తాన్ జట్టు భారత్‌ను 12 పరుగుల తేడాతో ఓడించింది. వెన్నునొప్పితోనే సచిన్ టెండూల్కర్ 136 పరుగులు చేసి, గెలుపు కనుచూపు మేరలో ఉండగా అవుట్ అయినాడు. తక్కిన వికెట్లు చూస్తుండగానే కూలిపోయినవి. క్షణకాలం మైదానమంతా నిశ్శబ్దం. పిదప ఆ వేలాది జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. వసీం అక్రమ్ తన జట్టుతో మైదానం చుట్టూ ప్రదక్షిణం చేసినాడు. ఆనాడు చేపాక్‌లో ఉన్నవారు ఓడిన దేశపు ప్రజలే. అయినా ఏ కప్పు గెలిచిన సభలోనూ దొరకని గౌరవం ఒకటి వారికి దక్కింది.

ఓటమి అభిమానిని చంపదు. చంపేది అనుమానం. 2000 సంవత్సరంలో మ్యాచ్‌ల ఫలితాలను ముందే అమ్ముకున్నారన్న ఆరోపణలు బయటపడినపుడు ఈ నగరం పడిన బాధ ఏ పరాజయం నాడూ పడలేదు. మన అజహరుద్దీన్‌పై జీవితకాల నిషేధం విధించినారు. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. న్యాయస్థానం సంగతి న్యాయస్థానానిది. ఆ పన్నెండేండ్లు, 1984-85లో తన మొదటి మూడు టెస్టులలోనూ వరుసగా శతకాలు చేసిన ఆ మణికట్టు విన్యాసాన్ని తలచుకోబోయినప్పుడల్లా అభిమాని మనస్సు ఒక క్షణం తటపటాయించింది. ఆటగాడు తన శక్తినంతా ఒడ్డుతున్నాడన్న నమ్మకం ఒక్కటి ఉంటే, ఎన్ని ఓటములైనా భరించవచ్చు. ఆ నమ్మకం పోయిన తరువాత గెలుపు కూడ రుచించదు. నేడు చేతిలోని ఫోనులోనే పందెం కాస్తున్న విద్యార్థి మిత్రులకు ఈ మాట ప్రత్యేకించి చెప్పాలనిపిస్తున్నది. పందెం కాసినవానికి కవర్ డ్రైవ్ కనబడదు, దాని వలన పెరిగిన అంకె మాత్రమే కనబడుతుంది. పైకం పోతే ఆట మీదనే కసి పుడుతుంది.

చివరగా మన ఇంటి సంగతి ఒకటి. మన కళాశాల జట్లు గెలిచిన షీల్డులు గాజు బీరువాలో భద్రంగా ఉన్నవి. వార్షిక సంచికలోని క్రీడా నివేదికలో వాటి పేర్లు వరుసగా అచ్చవుతున్నవి. ఓడిన ఆటలకు దక్కేది “దురదృష్టవశాత్తు” అనే ఒక్క మాట. ఆ ఆటల స్కోరు పుస్తకాలు ఏమైనవో అడిగితే ఎవరూ చెప్పలేకపోయినారు. నా మనవి ఇంతే. ఇక ముందు ఆ పుస్తకాలను గ్రంథాలయంలో ఉంచాలి. వచ్చే సంచికలో, ఈ ఏడు మనవారు ఓడిన ఆటలలో ఒకదానిని ఎంచుకొని, ఎవరు ఎట్లు ఆడినారో, ఏ ఘడియలో ఆట చేజారిందో, చూచినవారి చేత రెండు పుటలు వ్రాయించాలి. ఉర్దూ విభాగంలో ఒకటి, తెలుగు విభాగంలో ఒకటి.