టికెట్ ఫ్రీ సరే, నిలబడే చోటేది?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. మన ఇళ్లలో కాలేజీకెళ్లే ఆడపిల్లలకు, ఆసుపత్రికెళ్లే పెద్దవాళ్లకు ఇది పెద్ద ఆసరా. కానీ బస్సు ఎక్కేదాకా వాళ్లు ఎక్కడ నిలబడాలి?

హైదరాబాద్‌లో బస్సు నడిపేది ఆర్టీసీ, షెల్టర్ చూసుకోవాల్సింది బల్దియా. చాలా షెల్టర్లను యాడ్ ఏజెన్సీలే కట్టి, ప్రకటనలతో ఖర్చు రాబట్టుకుంటాయి. లెక్క సింపుల్: యాడ్‌కు రేటు పలికే రోడ్డుకే షెల్టర్ వస్తుంది. 2018లోనే ఖైరతాబాద్‌కు ఏసీ షెల్టర్ వచ్చింది. పాతబస్తీలో మాత్రం చాలాచోట్ల స్టాప్ అంటే ఏదో దుకాణం ముందు నీడే. షట్టర్ దించాక ఆ వెలుతురూ ఉండదు.

షెల్టర్ ఉన్నా దాని ముందు ఆటోలు, బండ్లు ఆగితే బస్సు నడిరోడ్డు మీదే ఆగుతుంది. మోకాళ్ల నొప్పులున్న నానీ ట్రాఫిక్‌లోకి దిగి ఎక్కాలి. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. బస్‌స్టాపుల్లో వికలాంగులకు సదుపాయాలు కల్పించాలని 2016 చట్టం చెబుతోంది. అంటే ఇది దయ కాదు, హక్కు.

ఏసీ ఎవరూ అడగట్లేదు. ఒక లైటు, ఒక బెంచీ, ఒక ర్యాంపు, ముందు ఖాళీ జాగా చాలు. మెయిన్ రోడ్డు షెల్టర్ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడే, యాడ్‌లు రాని బస్తీలో కూడా ఒకటి కట్టాలని షరతు పెట్టొచ్చు. ఓటు అడగడానికి వచ్చే కార్పొరేటర్‌ను మనం ముందు అడగాల్సింది ఇదే.