ఫోటో వెనుక రాయవలసిన నాలుగు మాటలు



గత సంచికలో బేరింగుల అరుగుదల గురించి రాసినప్పుడు, "మీరు యంత్రాలను విడిచి ఒక్కసారైనా బయటకు రారా?" అని కొందరు మిత్రులు ఆప్యాయంగానే ఆక్షేపించారు. అందుచేత ఈసారి పాఠకులను చాలా దూరం తీసుకువెళ్ళదలచాను. నిజానికి నేను వెళ్ళలేదు. మన సంస్థలోనే పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మిత్రుడు 2018లో చైనా, టిబెట్ ప్రాంతాలలో పర్యటించి, సుమారు మూడు వందల ఛాయాచిత్రాలు తెచ్చారు. ఇటీవల ఒక ఆదివారం ఆయన ఇంట్లో ఆ ఆల్బమ్‌లను ముందు పెట్టుకుని కూర్చున్నాము. రెండు పూటలు ఎలా గడిచాయో తెలియలేదు.

మొదటి ఆల్బమ్‌లో సిచువాన్ రాష్ట్రపు దుజియాంగ్యాన్ ఉన్నది. మిన్ నది కొండలను వదిలి చెంగ్డూ మైదానంలోకి దిగే చోట, క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే పాలనాధికారి నిర్మించిన నీటిపారుదల వ్యవస్థ అది. అక్కడ ఆనకట్ట లేదు. నది నడుమ చేప నోటి ఆకారంలో ఒక గట్టు కట్టి ప్రవాహాన్ని రెండు పాయలుగా చీల్చారు. వెదురు బుట్టలలో రాళ్ళు నింపి, వాటినే గట్టుకు వాడారు. నేటి ఇంజనీర్లు గేబియన్లు అని పిలిచేది దాదాపు ఇదే. లోపలి పాయ సాగుకు, వెలుపలి పాయ వరదకు. ఎక్కువైన నీరు, ఇసుక పక్కనున్న తక్కువ ఎత్తు గట్టు మీదుగా పొర్లి తిరిగి నదిలో కలుస్తాయి. కాలువకు దారి కావలసిన చోట కొండ అడ్డు వచ్చింది. మందుగుండు లేని కాలమది. రాతిని మంటతో కాల్చి, వెంటనే చన్నీళ్ళు పోసి పగులగొట్టారని చెబుతారు.

మిత్రుడు తీసిన చిత్రాలలో నన్ను ఎక్కువసేపు నిలిపినది ఒక రాతి విగ్రహం. 1974లో నదీగర్భంలో దొరికిన లీ బింగ్ ప్రతిమ అది. క్రీ.శ. 168లో చెక్కినది. పూర్వం అక్కడ నీటిలో నిలిపిన రాతి మనుషులే నీటిమట్టం కొలిచే సాధనాలట. నీరు పాదాల కంటె దిగరాదు, భుజాల కంటె పెరగరాదు. అక్షరం రాని రైతు కూడా గట్టు మీద నిలబడి చదువుకోగల గేజి ఇంతకంటె ఏముంటుంది?

తరువాతి పుటలలో లెషాన్ బుద్ధుడు. మూడు నదుల సంగమం వద్ద కొండచరియను తొలిచి మలచిన ఈ 71 మీటర్ల విగ్రహాన్ని 713లో హైటాంగ్ అనే భిక్షువు ప్రారంభింపగా, 803 నాటికి పూర్తయినది. పడవలను ముంచివేసే ఆ ప్రవాహాన్ని శాంతింపజేయాలన్నది ఆయన సంకల్పం. తొంభై ఏళ్ళ పని! ఆరంభించినవాడు ముగింపు చూడలేదు. సందర్శకులు పాదాల వద్ద నిలబడి ముఖాన్ని చూస్తారు. నా మిత్రుడు మాత్రం పైనుంచి శిరోజాలను ఫోటో తీశారు. ఆ ఉంగరాల జుట్టు మధ్య వాన నీరు పోయే కాలువలు దాచి ఉన్నాయి. పన్నెండు శతాబ్దాలుగా విగ్రహం నిలిచి ఉండడానికి వాటి పాత్ర తక్కువది కాదు.

అక్కడి నుండి ప్రయాణం టిబెట్‌కు. గోల్ముడ్ నుండి లాసా వరకు 1,142 కిలోమీటర్ల రైలు మార్గం 2006 జూలై 1న ప్రారంభమయినది. తంగులా కనుమ వద్ద అది 5,072 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. బోగీలలో ప్రాణవాయువు అందించే ఏర్పాటు ఉన్నది. అయితే ఇంజనీర్లకు అసలు సమస్య ఎత్తు కాదు, నేల. సుమారు 550 కిలోమీటర్ల మేర పట్టాల కింద ఉన్నది ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే భూమి. అది కరిగితే కట్ట కుంగుతుంది. అందుకని కట్టకు ఇరువైపులా అమ్మోనియా నింపిన గొట్టాలు పాతారు. నేలలోని వేడికి అమ్మోనియా ఆవిరై పైకి లేచి, పైనున్న చలిగాలికి చల్లబడి, ద్రవమై తిరిగి దిగుతుంది. మోటారు లేదు, విద్యుత్తు లేదు. కిటికీ అద్దం గుండా తీసిన చిత్రంలో ఆ గొట్టాలు వరుసగా నిలబడి ఉన్నాయి. మిత్రుని శ్రీమతి వాటిని చూసి, "ఇవేమి స్తంభాలండీ, వీటికి తీగలే లేవు!" అన్నారట.

లాసాలో పోతలా ప్రాసాదం. ఐదవ దలైలామా 1645లో ఆరంభింపజేసిన ఈ పదమూడు అంతస్తుల కట్టడంలో, ఎర్ర ప్రాసాదం 1694 నాటికి పూర్తయినది. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. పై అంచున ముదురు ఎరుపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. అది రాయి కాదు, సన్నని కొమ్మలను మోపులుగా కట్టి, రంగు వేసి పేర్చినది. శోభకు శోభ, బరువుకు తగ్గింపు. లోపలి మందిరాలలో ఫోటోలు తీయనివ్వరు కనుక ఆల్బమ్‌లో అక్కడ రెండు పుటలు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ ఎందుకు వదిలారని అడిగితే, "లోపల చూసినదానికి చోటు ఉంచాను" అన్నారు.

లాసా శివార్లలోని ద్రేపుంగ్ మఠం చిత్రం వద్ద నేను ఆగవలసి వచ్చినది. 1416లో స్థాపితమైన ఈ మఠం పేరుకు "ధాన్యరాశి" అని అర్థం. ఆ పేరు మన కృష్ణాతీరపు ధాన్యకటకాన్ని బట్టి వచ్చినది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని టిబెట్ సంప్రదాయం విశ్వసిస్తుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చినది ఆ విశ్వాసంతోనే. అంతేకాదు, నాగార్జునాచార్యుని "విగ్రహవ్యావర్తని" సంస్కృత మూలం మన దేశంలో కనుమరుగు కాగా, 1936లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లోని షాలు మఠంలో దానిని కనుగొన్నారు. మరుసటి ఏడే అది అచ్చయినది. ఆ మఠాలలోని తాళపత్రాలను ఆయన నకలు రాసుకున్నారు, ఫోటోలు తీయించారు.

ఆ ఫోటోల విలువ తరువాత గాని తెలియలేదు. బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టిన చిత్రకారిణి లీ గోతమి, భర్త అనాగరిక గోవిందతో కలిసి 1948లో పశ్చిమ టిబెట్‌లోని త్సపరంగ్ శిథిల నగరానికి వెళ్ళి, అక్కడి ఆలయాల కుడ్యచిత్రాలకు నకళ్ళు గీశారు, విగ్రహాలను ఫోటోలు తీశారు. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవంలో ఆ విగ్రహాలు ధ్వంసమయ్యాయి. 1409లో వెలసిన గాందెన్ మఠం నేలమట్టమై, 1980ల నుండి మళ్ళీ లేచినది. పోయినదేమిటో నేడు చెప్పగలిగేవి ఆనాటి యాత్రికుల చిత్రాలే.

కూల్చివేతకు ఉద్రేకమే కారణం కానక్కరలేదు. మన వృత్తి కూడా ముంచుతుంది. యాంగ్జీ నదిలో ఫులింగ్ వద్ద బైహెలియాంగ్ అనే రాతి తిన్నె ఉన్నది. 763 మొదలుకొని దాని మీద ప్రజలు కరవు కాలపు నీటిమట్టాలను చెక్కుతూ వచ్చారు. అక్కడ చెక్కిన రాతి చేపలు నీటిపైన కనిపిస్తే మంచి పంట వస్తుందని నమ్మేవారు. త్రీ గోర్జెస్ జలాశయం వలన ఆ తిన్నె శాశ్వతంగా మునిగినది. రాతిని కదిలించకుండా, దాని చుట్టూ నీటి అడుగునే ప్రదర్శనశాల కట్టి, 2009లో తెరిచారు. మిత్రుడు గుండ్రని అద్దపు గవాక్షం గుండా తీసిన ఆ చేప చిత్రం మసకగా ఉన్నది. అయినా అది ఆల్బమ్‌లో ఉన్నది.

ఆ మసక చేపను చూసినప్పుడు నాకు మా నాన్నగారి ట్రంకు పెట్టె గుర్తుకు వచ్చినది. ఆయన నాగార్జునసాగర్ పనులలో ఓవర్సీరుగా చేశారు. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ జలాశయం కింద విజయపురి లోయ మునిగినది. 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైకి తరలించారు. పెట్టెలో అప్పటి నలుపు తెలుపు ఫోటో ఒకటి దొరికినది. విరిగిన స్తంభాల మధ్య పదకొండు మంది నిలబడి ఉన్నారు. నాన్నగారిని మాత్రమే గుర్తుపట్టగలను. మిగిలిన పదిమంది ఎవరు? ఆ స్తంభాలు పైకి చేరాయా, నీటిలోనే ఉన్నాయా? ఫోటో వెనుక ఒక్క అక్షరం లేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ అడుగుదామనుకున్నాను. సెలవు దొరికినప్పుడు అడుగుదామని వాయిదా వేశాను. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినది.

మా మిత్రుని ఆల్బమ్‌లో ప్రతి చిత్రం వెనుక పెన్సిలుతో నాలుగు మాటలు ఉన్నాయి. తేదీ, స్థలం, ఎదుట ఉన్నదేమిటి, పక్కన ఉన్నదెవరు. ఆయన ముప్పై ఏళ్ళు లాగ్‌బుక్కులు రాసిన మనిషి. ఆ అలవాటే ఇక్కడా పనికి వచ్చినది.

ఇంతకూ ఇదంతా రాయడానికి కారణం, వచ్చే ఆర్థిక సంవత్సరంలో మన మొదటి యూనిట్‌ను విప్పివేయనున్నారు. యంత్రాలకు లెక్క ఉంటుంది, తుక్కుకు తూకం ఉంటుంది. అక్కడ పనిచేసిన మనుషులకు అవి రెండూ లేవు. అందుచేత ఆ షెడ్డులోను, కంట్రోల్ గదిలోను, క్యాంటీను మెట్ల మీద నిలబడి తీయించుకున్న ఫోటోలు మీ ఇళ్ళలో ఉంటే, దయచేసి ఈ వారమే బయటకు తీయండి. వెనుకవైపు పేర్లు రాయండి. రిటైరైన పెద్దలు మీ వీధిలో ఉంటే, ఫోటో పట్టుకువెళ్ళి వారినే అడగండి. నేను ఆలస్యం చేసిన పని అది. మీకు ఇంకా సమయం ఉన్నది.