ఏకాగ్రతకు అడ్డదారి ఉన్నదా?

మానవుని మేధస్సు సృష్టించిన యంత్రం నేడు ఆ మేధస్సునే తాకుతున్నది. శస్త్రచికిత్స అవసరం లేకుండా, తలపై నుండే మెదడును ఉత్తేజపరచే విధానాలు వైద్యరంగంలో ప్రవేశించాయి. రోగులకు ఇవి ఆశాకిరణాలు. ఆరోగ్యవంతులు కేవలం చదువులో ఏకాగ్రత కోసం వీటిని ఆశ్రయించవచ్చునా అన్నదే ప్రశ్న.

1985లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో ఆంథొనీ బార్కర్ బృందం ఒక మనిషి తల దగ్గర తీగచుట్టను ఉంచి, అందులో క్షణకాలం విద్యుత్తును ప్రవహింపజేసింది. అప్పుడు పుట్టిన అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి నాడీకణాలను ప్రేరేపించగా, చేతి కండరం తనంత తానే కదిలింది. ఔషధాలతో నయం కాని మానసిక కుంగుబాటుకు ఈ చికిత్సను అమెరికా 2008లో అనుమతించింది. నుదుటి వెనుక ఎడమ భాగాన్ని కొన్ని వారాలపాటు ఉత్తేజపరిస్తే కొందరికి ఉపశమనం కలుగుతుంది, అందరికీ కలుగదు.

మరొక విధానంలో ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును తలపై నుండి పంపుతారు. పరికరం చిన్నది, ఖరీదు తక్కువ. అందువల్ల కొందరు వైద్యుల ప్రమేయం లేకుండానే ఇంట్లో ప్రయోగించుకొంటున్నారు. ఏకాగ్రత విషయంలో దీని ఫలితాలు నిలకడగా లేవు. పైగా ఒకటి పొందితే మరొకటి కోల్పోయే ప్రమాదమున్నది. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, మెదడులోని ఒక భాగాన్ని ఉత్తేజపరచగా కొత్త అంకెల గుర్తులను నేర్చుకోవడం సులువైంది. కాని నేర్చినదానిని అప్రయత్నంగా వినియోగించే శక్తి సన్నగిల్లింది. ఇంట్లో ప్రయోగించుకొనేవారిని హెచ్చరిస్తూ 2016లో 39 మంది పరిశోధకులు బహిరంగ లేఖ వ్రాశారు.

చూపు తగ్గినవారు కళ్లజోడు ధరించడం లేదా అని కొందరు వాదించవచ్చు. కళ్లజోడు వల్ల కలిగే మేలు మనకు స్పష్టంగా తెలుసు. వద్దనుకొంటే తీసి పక్కన పెట్టవచ్చు. ఎదుగుతున్న మెదడుపై విద్యుత్తు చూపే ప్రభావం అంత స్పష్టమైనది కాదు.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటున్నది. ఏకాగ్రత, భావోద్వేగం వేరువేరు గదులలో నివసించవు. పుస్తకం తెరచినా మనసు నిలువకపోవడం ఒక్కొక్కసారి నిద్రలేమి వల్ల కావచ్చు. ఒక్కొక్కసారి కుంగుబాటుకే చిహ్నం కావచ్చు. అటువంటి విద్యార్థికి కావలసినది అంగడిలో దొరికే పరికరం కాదు. అతని బాధను వినే పెద్దలు, అవసరమైతే చికిత్స చేసే వైద్యుడు. తల్లిదండ్రులు, అధ్యాపకులు మార్కులను అడిగే ముందు మనసును అడగాలి. విద్యార్థి కూడా తన వ్యథను చెప్పుకోవడానికి సిగ్గుపడరాదు. విజ్ఞానం రోగికి ఊతకర్ర కావాలి కాని, ఆరోగ్యవంతునికి అడ్డదారి కారాదు.