కడలి పరిశోధన – పుడమి సంరక్షణ

మన పూర్వులు సముద్రుని రత్నాకరుడన్నారు. ముత్యాలు, పగడాలు మొదలుకొని అమృతం వరకు అన్నింటికీ కడలినే జన్మస్థానంగా భావించారు. నేటి మానవునికి సముద్రం ఇవ్వగల రత్నం మరొకటి ఉంది. అది విజ్ఞానం. సముద్ర జలాల వేడిమిని, లవణీయతను, ప్రవాహాల గతిని ఎడతెగక కొలిచి గ్రహించిన విజ్ఞానమే భూగోళ రక్షణకు ఆధారం. ఆ విజ్ఞానం తీరవాసులకు మాత్రమే అవసరమనుకోవడం పొరపాటు.

ఇందుకు దేవరాపల్లి తగిన ఉదాహరణ. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ఊరికి అలల హోరు వినిపించదు. అక్కడివారి కన్నుల ఎదుట ఉన్నవి తూర్పు కనుమలు, చెరకు తోటలు, వరి పొలాలు, రైవాడ జలాశయం. కాని ఆ జలాశయాన్ని నింపే శారదా నది కొండలపై కురిసిన వాననీరే. ఆ వాన సముద్రం నుండి ఆవిరై లేచిన నీరే. శారద అనకాపల్లి మీదుగా ప్రవహించి తిరిగి బంగాళాఖాతంలోనే కలుస్తుంది. సముద్రాన్ని ఎన్నడూ చూడని రైతు సైతం సముద్రం దయపైనే విత్తనం చల్లుతున్నాడు.

బంగాళాఖాతం స్వభావం విలక్షణమైనది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులు అపారమైన మంచినీటిని అందులోకి చేరుస్తాయి. ఉప్పునీటి కంటె తేలికైన ఆ నీరు పైపొరగా నిలిచి, అడుగునున్న చల్లని నీటితో సులభంగా కలవదు. అందువల్ల ఉపరితలంలోని వేడి అక్కడే నిలిచిపోతుంది. తుపానులకు బలాన్నిచ్చేది ఆ వేడియే. కనుక కెరటాలను చూసినంత మాత్రాన సముద్రం అర్థం కాదు; దాని లోతులను కొలవాలి.

ఆ కొలతకు తెలుగునేల ఆనాడే పూనుకొంది. 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి విద్యార్థులకు సముద్రశాస్త్రం బోధించారు. నౌకాదళపు ఓడలపై వారిని వెంటబెట్టుకొని విశాఖ తీర జలాలను పరిశీలించారు. గాలులు తీరపు పైనీటిని ఆవలకు నెట్టినప్పుడు అడుగునుండి చల్లని నీరు పైకి ఉబుకుతుంది. ఆ నీటిలోని పోషకాలతో ప్లవకాలు పెరుగుతాయి. ప్లవకాలున్నచోట చేపలు చేరుతాయి. ఇటువంటి జ్ఞానం ఆధారంగానే నేడు హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం చేపలు లభించే ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తోంది. 1999లో ఏర్పడిన ఆ సంస్థ సముద్రం లేని నగరంలో ఉండి సముద్రాన్ని కనిపెట్టుకొని ఉండడం విశేషం.

పేదరికం ఇంకా తొలగని దేశంలో సముద్ర పరిశోధనకు ఇంత వ్యయం అవసరమా అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సహేతుకమే. సమాధానం మన తీరమే చెబుతుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూకంపం సంభవించిన తరువాత సునామీ మన తూర్పు తీరాన్ని చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. హెచ్చరించే వ్యవస్థ లేక ఆ సమయమంతా వృథా అయింది. 2007లో హైదరాబాదు కేంద్రంలో సునామీ హెచ్చరికల వ్యవస్థ నెలకొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. చెట్లు కూలాయి, ఇండ్లు దెబ్బతిన్నాయి, పంటలు నేలమట్టమయ్యాయి. కాని ముందే హెచ్చరికలు అందడం, లక్షలాది ప్రజలను తరలించడం వల్ల ప్రాణనష్టం పదుల సంఖ్యను దాటలేదు. దివిసీమకు, విశాఖకు మధ్యగల ఆ అంతరమే పరిశోధనకు దక్కిన ప్రతిఫలం.

భూగోళమంతటికీ సముద్రం చేస్తున్న ఉపకారం ఇంకా గొప్పది. మానవ కార్యకలాపాల వల్ల పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే గ్రహించాయి. మనం విడిచే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవ వంతును అవే తమలో కలుపుకొంటున్నాయి. ఆ భారం వల్ల నీరు వేడెక్కుతోంది. దాని ఆమ్లత్వం పెరిగి పగడాలకు, గవ్వలకు ముప్పు కలుగుతోంది. ఈ మార్పును గమనించడానికి ప్రపంచ సముద్రాలలో సుమారు నాలుగు వేల ఆర్గో యంత్రాలు తేలియాడుతున్నాయి. అవి పది రోజులకొకమారు రెండు వేల మీటర్ల లోతునుండి పైకి వస్తూ నీటి స్థితిని కొలిచి ఉపగ్రహాలకు అందిస్తున్నాయి. భారతదేశానికీ అందులో భాగం ఉంది. ఈ పని నడుమ ఆగరాదు. ఈనాడు కొలవని వేడిని రేపు ఎంత ధనం వెచ్చించినా కొలవలేము.

అయితే పరిశోధన దారి చూపగలదే గాని, మనకు మారుగా నడవలేదు. శారదలో పారవేసిన ప్లాస్టిక్ సంచి వరదలో కొట్టుకొనిపోయి చివరకు సముద్రాన్ని చేరుతుంది. పొలంలో మితిమీరి చల్లిన ఎరువు కూడా అదే బాట పడుతుంది. శాస్త్రవేత్త ఎంత శ్రద్ధతో కొలిచినా, ఎగువనున్నవారు నదిని కాపాడకపోతే సముద్రం బాగుపడదు.

కనుక ప్రభుత్వాలు సముద్ర పరిశోధనను ఆపదలు వచ్చినప్పుడు మాత్రమే స్మరించక, నిత్యకృత్యంగా పోషించాలి. కళాశాలలు ఆ శాస్త్రం వైపు విద్యార్థులను ప్రోత్సహించాలి. భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాలన్నింటికీ అందులో చోటుంది. దేవరాపల్లి వంటి ఊళ్ళ యువతీయువకులకు ఈ చదువు దూరమైనది కాదు. తమ ఊరి నది చేరే గమ్యాన్ని తెలుసుకోవడమే దానికి తొలి పాఠం.