ఆప్షన్లలో కిటుకు లేదు

నీట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఒకే మాట వినిపిస్తుంది. ర్యాంకు తెచ్చుకోవడం ఒక ఎత్తు, కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడం ఒక ఎత్తు అని. వరస తప్పితే చేతికందిన సీటు జారిపోతుందట. అందుకని తెలిసినవాళ్ల చేత పెట్టించుకోవాలట. బంధువులు అదే చెబుతారు, కన్సల్టెన్సీల కరపత్రాలు అదే చెబుతాయి, పాఠాలు చెప్పే సార్లు కూడా తలూపుతారు. రెండు మూడేళ్లు కంటి మీద కునుకు లేకుండా చదివిన పిల్లలు, పరీక్ష గట్టెక్కాక మళ్లీ కొత్తగా భయపడడం మొదలుపెడతారు.

ఆ మాట అబద్ధం. ఎట్లా అబద్ధమో తెలియాలంటే సీటు ఎట్లా ఇస్తారో తెలియాలి.

తెలంగాణలో కన్వీనర్ కోటా ఎంబీబీఎస్ సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. నీట్ ర్యాంకును బట్టి మెరిట్ జాబితా వేస్తుంది. కేటాయింపు ఆ జాబితా వరసలోనే నడుస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ మొదటి ఆప్షన్ చూస్తారు. అక్కడ మీకు వర్తించే సీటు ఖాళీగా ఉంటే అది మీది. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. స్థానికత, రిజర్వేషన్, మహిళల కోటా లెక్కలన్నీ అందులోనే కలిసి ఉంటాయి.

ఇద్దరు అమ్మాయిలను తీసుకోండి. ఇద్దరిదీ ఒకే కేటగిరీ. మొదటి అమ్మాయి మెరిట్‌లో ముందుంది. గాంధీ, ఉస్మానియా, కాకతీయ అంటూ రాసుకుంటూ పోయి భూపాలపల్లిని ఇరవయ్యో ఆప్షన్‌గా పెట్టింది. రెండో అమ్మాయి మెరిట్‌లో వెనకుంది, కానీ భూపాలపల్లినే మొట్టమొదట పెట్టింది. వాళ్ల కేటగిరీలో అక్కడ ఒక్క సీటే మిగిలింది. పై పందొమ్మిది చోట్లా మొదటి అమ్మాయికి సీటు దొరకలేదు. అప్పుడు భూపాలపల్లి సీటు ఎవరిది? మొదటి అమ్మాయిదే. ఇరవయ్యో చోట రాసినందుకు ఆమె పోగొట్టుకున్నదేమీ లేదు. మొదటి చోట రాసినందుకు రెండో అమ్మాయికి కలిసొచ్చిందీ లేదు. రాని కాలేజీని పైన పెడితే వచ్చే కాలేజీ కూడా పోతుందనే భయానికి ఈ పద్ధతిలో ఎక్కడా చోటు లేదు. మీకు ఏది ఎక్కువ ఇష్టమో అది పైన, ఏది తక్కువ ఇష్టమో అది కింద. చేరనే చేరం అనుకున్నది అసలు రాయొద్దు. ఇంతకు మించి ఏ పండితుడి దగ్గరా ఏ రహస్యమూ లేదు.

మరి “పోయినేడు కటాఫ్” చూసి వరస పేర్చేవాళ్ల సంగతి? 2024లో మొదట ప్రకటించిన నీట్ ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థి మార్కులు 686. ఒక ఏటి మార్కులు పట్టుకుని మరుసటి ఏడు సీటు ఎక్కడొస్తుందో చెబుతానంటే నమ్మడమెట్లా? ర్యాంకులు పట్టుకుని చెప్పేవాళ్లకూ స్థిరమైన నేల లేదు. 2024లో రాష్ట్రంలో ఎనిమిది కొత్త ప్రభుత్వ కాలేజీలు వచ్చి ఒక్కసారే 400 సీట్లు పెరిగాయి. ఆ అంచనాలే నిజమైనా, మీ వరసను మార్చుకోవాల్సిన అవసరం వాటి వల్ల రాదు.

ఇంత తేలిక లెక్క చుట్టూ ఇంత భయం ఎందుకు పెరిగింది? ర్యాంకు వచ్చాక చేయడానికి పనేమీ లేకపోవడమే దీనికి మూలమని నేననుకుంటాను. అమెరికాలో మన తెలుగు కుటుంబాల పిల్లలు మెడిసిన్‌కు దరఖాస్తు చేస్తే నెలల తరబడి పని ఉంటుంది. ఇంటర్వ్యూలకు పోవాలి. వెయిటింగ్ లిస్టులో పెడితే, దరఖాస్తు తర్వాత ఏం సాధించారో చెబుతూ కాలేజీకి ఉత్తరం రాస్తారు. మీరు పిలిస్తే తప్పక చేరతానని ఇంకో ఉత్తరం రాస్తారు. కొన్ని కాలేజీలు అవి చదువుతాయి, కొన్ని పంపొద్దని ముందే చెబుతాయి. ఏదైనా అక్కడ ఉత్తరానికి ఒక చిరునామా ఉంది. ఇక్కడ లేదు. వరంగల్‌లో మీ మాట విని మనసు మార్చుకునే మనిషెవరూ కూర్చుని లేరు. అయినా చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి చేయాలి, ఎవరినో ఒకరిని కలవాలి అనిపిస్తుంది. ఆ అలజడికే కన్సల్టెన్సీలు ధర కట్టి అమ్ముకుంటున్నాయి.

ఉత్తరం రాసే వీలు, ఇంటర్వ్యూలో కూర్చునే వీలు మనకూ ఉంటే బాగుండేదని, మార్కులు మంచి డాక్టర్‌ను పట్టివ్వలేవని అనేవాళ్లున్నారు. మార్కులు అన్నీ చెప్పలేవు, నిజమే. కానీ ఇంటర్వ్యూ ఏం చెప్పిందో మన దేశానికి ఒకసారి అనుభవమైంది. తమిళనాడు మెడికల్ సీట్ల ఎంపికలో 275 మార్కులకు 75 ఇంటర్వ్యూకు కేటాయించారు. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో ఎక్కువ మార్కులతో పైకి వచ్చారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టుకు చేరింది. ఆ 75 మార్కులు మితిమీరినట్టే కనిపిస్తున్నాయని పెరియకరుప్పన్ కేసులో 1970లో కోర్టు అంది. ఆ తర్వాత శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ మీద వచ్చిన అజయ్ హసియా కేసులో, ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో ముగిసిందని, మీ తల్లిదండ్రులెవరు, మీ ఊరేది అని అడిగి పంపేశారని విద్యార్థులు చెప్పుకున్నారు. ఇంటర్వ్యూకు 15 శాతం మించి మార్కులు ఉండకూడదని కోర్టు ఆ కేసులో తేల్చింది.

మీ తల్లిదండ్రులెవరు, మీ ఊరేది. ఈ రెండు ప్రశ్నలు కొత్తగూడ అడవిలోని కోయ పిల్లను, గూడూరు దగ్గరి తండా పిల్లవాడిని, కొడకండ్ల నేతకారుల కూతురిని ఏం చేస్తాయో ఈ జిల్లాలవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరి మొహమూ చూడకుండా వరస పట్టుకుని పోయే ఈ కేటాయింపే వాళ్లకు పెద్ద అండ. ఆ అండ ఉందని చెప్పకుండా, అక్కడా ఏదో మాయ ఉందని భయపెట్టడం అన్యాయం.

ఆ అన్యాయం ఎట్లా జరుగుతుందో, మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో ఆప్షన్ల రోజుల్లో ఏ నెట్ సెంటర్ దగ్గర నిలబడినా కనిపిస్తుంది. తండ్రి మిర్చి చేను పని వదిలి వచ్చి ఉంటాడు. సంచిలో ప్లాస్టిక్ కవరు, అందులో కులం సర్టిఫికెట్, బోనఫైడ్‌లు, టెన్త్ మెమో. “సారూ, పిల్లకు సీటు వచ్చేటట్టు పెట్టుండ్రి” అంటాడు. అప్పటికే ఎవరో ఇచ్చిన జిరాక్స్ కాగితం ఉంటుంది. పైన హైదరాబాద్ కాలేజీలు, నడుమ ప్రైవేటువి, అడుగున జిల్లా కాలేజీలు. భూపాలపల్లి, ఆసిఫాబాద్ అట్టడుగున. అమ్మాయి మెల్లగా “నాకు మానుకోటలనే ఉండాలనుంది బాపూ” అంటే, “గట్ల పెడితే సీటు పోతదట బిడ్డా” అని తండ్రే ఆపుతాడు. కూకట్‌పల్లి పిల్లల కోసం తయారైన వరస ఆమె లాగిన్‌లోకి ఎక్కుతుంది. ఇక్కడ మాత్రం నిజంగానే నష్టం ఉంది. ఇష్టమైనదాన్ని కింద పెడితే, ఇష్టం లేని పైసీటు ముందే తగులుతుంది.

ఆ కాగితంలో అడుగున ఉన్నవేమిటో కూడా చూడండి. మహబూబాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022 నవంబరులో 150 సీట్లతో మొదలైంది. జనగామ, భూపాలపల్లి కాలేజీలు 2023 సెప్టెంబరులో నూరేసి సీట్లతో వచ్చాయి. రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 తర్వాత పెట్టిన కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లన్నీ స్థానిక విద్యార్థులకేనని 2023 జులైలో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఈ మూడూ అందులోకి వస్తాయి. ఏడాదికి ట్యూషన్ ఫీజు పదివేలు. ప్రైవేటులో బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా అయితే పదకొండు లక్షలు దాటుతుంది. పరీక్షలు పెట్టేది, పట్టా ఇచ్చేది ఒకే విశ్వవిద్యాలయం.

వీటిలో అధ్యాపకులు చాలరు, వసతులు చాలవు అంటారు. కాదనను. తెలంగాణలోని 34 ప్రభుత్వ కాలేజీల్లో 26 కాలేజీల లోపాల మీద జాతీయ వైద్య కమిషన్ 2025లో సంజాయిషీ అడిగింది. ఆ లోపాలు తీర్చమని ప్రభుత్వాన్ని నిలదీయాలి, గట్టిగా నిలదీయాలి. కానీ అదే సాకుగా పెట్టి ఒక పిల్లను ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు తోలడం, అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో వేయడం వేరే సంగతి. సింగరేణి కార్మికుడు, పొలంలో పాము కరిచిన రైతు, జనగామలో చంపక్‌హిల్స్ మాతాశిశు ఆసుపత్రికి నొప్పులతో వచ్చే తల్లి, వీళ్ల దగ్గర వైద్యం నేర్చుకోవాలనుకునే పిల్లకు ఆ కోరిక చిన్నదని చెప్పే హక్కు ఏ కన్సల్టెన్సీకీ లేదు. హైదరాబాదే కావాలనుకునే పిల్ల హైదరాబాద్‌నే పైన పెట్టుకోవచ్చు. అదీ ఆమె ఇష్టమే.

జాగ్రత్త అవసరమైన చోట్లు వేరే ఉన్నాయి. వాటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మొదటి విడతలో సీటు వచ్చాక రెండో విడతలో ఆప్షన్లు పెడితే, అందులో ఏ కాలేజీ వచ్చినా చేతిలో ఉన్న సీటు పోతుంది. కాబట్టి ఇప్పుడున్న సీటుకంటే మేలనుకున్నవే రాయాలి. స్థానికతకు చదువు సర్టిఫికెట్లు కావాలి, ఒక్క ఏడాదిది లేకపోయినా తంటానే. కాలేజీలో రిపోర్టు చేసే గడువు గంటలతో సహా రాసి ఉంటుంది. సీటు వచ్చీ చేరకపోతే ఏమవుతుందో ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఇవన్నీ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

దొరికేది ఇంగ్లీషులో, నియమాల భాషలో. కన్సల్టెన్సీలకు దారి ఇచ్చింది అదే. సీటు ఎట్లా కేటాయిస్తారో ఉదాహరణతో సహా తెలుగులో ఒక్క పేజీ విశ్వవిద్యాలయం అచ్చువేయాలి. ఆప్షన్లు తెరిచే వారం ముందే ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీకి, గురుకులానికి, మీసేవ కేంద్రానికి పంపాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మెడికల్ కాలేజీల్లో ఆ వారం ఒక గది తెరవాలి. పోయినేడు అదే పద్ధతిలో సీటు తెచ్చుకున్న మొదటి సంవత్సరం విద్యార్థులనే అక్కడ కూర్చోబెట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కోట్ల ఖర్చూ లేదు. వచ్చే కౌన్సెలింగ్‌కే చేయొచ్చు.